బ్రేకమ్మ ప్యాసింజరు

ఆవిడకి బ్రేకమ్మ అని పేరు పెట్టింది ఎవరో తెలియదు. డ్రైవింగ్ స్కూల్లో ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఒకరు పెట్టి ఉంటారు, తర్వాత వచ్చినవాళ్ళు అందుకుని ఉంటారు. ఎదురుగా మాత్రం అందరూ మేడం అనే పిలుస్తారు. పేరు ఎలా వచ్చిందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నేర్పే బండిలో స్టీరింగ్ ఒకటే గానీ బ్రేకులు రెండు ఉంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర, రెండోది పక్క సీట్లో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర. బ్రేకమ్మ కుడికాలు ఇరవై ఏళ్ళుగా ఆ రెండో బ్రేకు మీదే కాపురం చేస్తోంది. బస్సులో కూర్చున్నా, పెళ్ళిలో కూర్చున్నా, ఎదుటివాళ్ళు కాస్త జోరుగా మాట్లాడినా, ఆ కాలు దానంతటదే నేలని నొక్కుతుంది.

నొక్కితే ఆగేది బండి ఒక్కటే. ఇంట్లో ఎంత నొక్కినా ఎవరూ ఆగేవారు కాదు.

ఆవిడ ఈ పనిలోకి వస్తానని కలలో కూడా అనుకోలేదు. స్కూలు ఆఫీసులో ఫోన్లు ఎత్తడానికి చేరింది. అంతకు ముందు నేర్పే ఆయన ఓ రోజు ఓనరుతో మాటామాటా అనుకుని, తాళాలు బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. బయట ఇద్దరు ఆడవాళ్ళు పాఠం కోసం నిలబడి ఉన్నారు. ఓనరు అటూ ఇటూ చూసి, "మీకు డ్రైవింగ్ వచ్చు కదండీ" అన్నాడు. వచ్చు అంది. ఆ ఒక్క మాటతో ఆవిడ బతుకు ఫోను పక్కనుంచి బండిలోకి మారింది. ఆవిడ పాఠం చెప్పేటప్పుడు అరవదు, స్టీరింగ్ లాక్కోదు, అమ్మో అనదు. ఎదురుగా లారీ వస్తున్నా, పక్కింటివాళ్ళని కాసిని మంచినీళ్ళు అడిగే గొంతుతో "కాస్త ఎడమకి తీసుకోండి" అంటుంది. తిరగాల్సిన మలుపు దాటిపోగానే కొత్తవాళ్ళు బెంబేలెత్తి నడిరోడ్డు మీద బండి ఆపేసి వెనక్కి రాబోతారు. "పోతే పోయింది, ముందుకి పోనివ్వండి. ఇంకో మలుపు వస్తుంది" అంటుంది బ్రేకమ్మ. ఆవిడ దగ్గర నేర్చుకున్న ఎవర్ని అడిగినా ముందు ఈ మాటే చెబుతారు. ఊరందరికీ చెప్పిన ఈ మాట తన దాకా వచ్చేసరికి మాత్రం ఆవిడకి పూర్తిగా మరుపున పడిపోయింది.

ఆరేళ్ళ కిందట ఆవిడకి ఎడమ రొమ్ములో క్యాన్సర్ వచ్చింది. రొమ్ము తీసేశారు, మందులు ఎక్కించారు, రేడియేషన్ ఇచ్చారు. జుట్టు పోయింది, మళ్ళీ వచ్చింది. ఆవిడా మళ్ళీ బండెక్కింది. ఆపరేషన్‌కి ముందు డాక్టరు ఆస్పత్రి వరండాలో నడుస్తూ నడుస్తూనే, తీసేసిన చోట కొత్త రొమ్ము చేసే ఆపరేషన్ కూడా ఉంటుందని, దాని గురించి ఏమైనా అనుకున్నారా అని అడిగాడు. ఆవిడ నోరు తెరిచేలోపే భర్త చేతులు జోడించి, "ప్రాణం దక్కితే అదే పదివేలు డాక్టరుగారూ, ఇంకేం వద్దు" అన్నాడు. డాక్టరు తలూపి వెళ్ళిపోయాడు. ఆ తల ఊపుతో సంగతి ముగిసిపోయిందని బ్రేకమ్మ తీర్మానించుకుంది. చేయించుకుంటే అప్పుడే చేయించుకోవాలి, ఆ రోజు దాటిందా, ఇక ఈ జన్మకి లేనట్టే. అలాగని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు కాబట్టే అంత గట్టిగా నమ్మింది.

భర్త మంచివాడు. ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు ఆయనే చెప్పుకుంటాడు గానీ, నిజం కూడా. ఫ్యాన్లూ లైట్లూ అమ్మే కొట్టు ఉంది ఆయనకి. ఆపరేషన్ తర్వాత చూడటానికొచ్చిన చుట్టాలందరి ముందూ, "నాకైతే ఏ లోటూ లేదు. మనిషి ఉంది, నాకదే చాలు" అనేవాడు. ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడని చుట్టాలు మెచ్చుకునేవారు, ఆయన ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు రుచి మరిగి, అడగనివాళ్ళకి కూడా చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ బట్టలు మార్చుకునేటప్పుడు గోడవైపు తిరిగి పడుకునేవాడు. అదీ మర్యాదే అనుకునేవాడు. గోడవైపు తిరిగిన ఆ వీపుని చూస్తూ బ్రేకమ్మ ఏమనుకునేదో ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

లోటు ఉందో లేదో తెలియాలంటే ఆవిడ పాఠం చెప్పేటప్పుడు చూడాలి. బ్రాలో ఎడమవైపు పెట్టుకోవడానికి ఆవిడ ఒక మెత్తటి ప్యాడ్ కొనుక్కుంది. సీటుబెల్టేమో ఎడమ భుజం మీదనుంచి ఏటవాలుగా కిందికి వస్తుంది. నేర్చుకునేవాళ్ళు గట్టిగా బ్రేకు వేసినప్పుడల్లా బెల్టు బిగుసుకునేది, ప్యాడ్ చంకవైపు ప్రయాణం కట్టేది. దానికి ఆవిడ ప్యాసింజరు అని పేరు పెట్టుకుంది. టికెట్టు కొనదు, బెల్టు పెట్టుకోదు, చెప్పిన చోట కూర్చోదు. నేర్చుకునేవాళ్ళ కళ్ళు రోడ్డు మీద ఉన్న క్షణం చూసి, బెల్టు సర్దుకుంటున్నట్టు చెయ్యి పెట్టి, ప్యాసింజర్ని మళ్ళీ దాని సీట్లోకి తోసేది. ఇందులో నవ్వొచ్చే సంగతి కూడా ఉందని ఆవిడకి తెలుసు, ఒక్కోసారి తనలో తనే నవ్వుకునేది. కానీ నాలుగు పాఠాలు వరసగా అయ్యాక, చెమటకి తడిసిన ఆ ప్యాడ్‌ని ఆఫీసు బాత్రూంలో అద్దం ముందు సర్దుకుంటుంటే నవ్వు వచ్చేది కాదు. ఏడుపొచ్చేది. ముఖం కడుక్కుని తర్వాతి పాఠానికి వెళ్ళేది.

ఇలా ఉండగా జెరాక్సు షాపావిడ నేర్చుకోవడానికి వచ్చింది. అరవై దాటిన మనిషి. భర్తకి చూపు తగ్గి బండి నడపడం మానేస్తే, ఇంట్లో కారు ఊరికే దుమ్ము పట్టిపోతోందని వచ్చి చేరింది. దొరికిన దొంగని పట్టుకున్నట్టు పట్టుకునేది స్టీరింగ్‌ని. ఓ రోజు రోడ్డుకి అడ్డంగా కుక్క వచ్చింది. జెరాక్సు ఆవిడా బ్రేకు వేసింది, బ్రేకమ్మా వేసింది. కుక్క బతికింది, ప్యాసింజరు చంకలోకి చేరింది. కాస్త ముందుకెళ్ళి సిగ్నల్ దగ్గర ఆగాక బ్రేకమ్మ మామూలుగా బెల్టు సర్దుకోబోయింది.

"మీది ఎడమదా?" అంది జెరాక్సు ఆవిడ. కళ్ళు మాత్రం రోడ్డు మీదనుంచి తిప్పలేదు. పాఠం అంత బాగా వంటబట్టింది.

బ్రేకమ్మ చప్పున చెయ్యి దించేసింది.

"నాది కుడిది" అంది ఆవిడే మళ్ళీ. "తీసేసిన తొమ్మిదేళ్ళకి కొత్తది చేయించుకున్నాను. పోయినేడాదే."

"తొమ్మిదేళ్ళకా? అప్పటికప్పుడే చేయించుకోవాలి కదండీ?"

"ఎవరన్నారు?"

ఎవరన్నారో బ్రేకమ్మకి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఈలోగా సిగ్నల్ పచ్చ పడింది, వెనక బళ్ళు హారన్లు మోగించాయి. జెరాక్సు ఆవిడ కంగారులో క్లచ్ వదిలేసి బండి ఆపేసింది, మళ్ళీ స్టార్ట్ చేసి తిరగాల్సిన మలుపు దాటించేసింది. మలుపు పోయింది మేడం అని లబోదిబోమంది. పోతే పోయింది, ముందుకి పోనివ్వండి అని అలవాటుగా మొదలుపెట్టిన బ్రేకమ్మ, మాట సగంలో ఆపేసింది. ఇన్నేళ్ళూ ఊరందరికీ చెప్పిన మాట అప్పుడే మొదటిసారి తన చెవిన పడింది. ఆ తర్వాత పాఠమంతా ఆవిడ నోట ఒక్క సూచన కూడా రాలేదు. తను బ్రహ్మాండంగా నడుపుతున్నాననుకుని జెరాక్సు ఆవిడ ఉబ్బితబ్బిబ్బయింది.

ఇంట్లో చెప్పడానికి మీనమేషాలు లెక్కపెట్టి, చివరికి ఓ ఆదివారం సాయంత్రం టీ కప్పులు అందిస్తూ చెప్పేసింది. హాల్లో భర్త, ఆయన అక్క, కూతురు ఉన్నారు. ఆయన అక్క, అంటే బ్రేకమ్మకి వదిన, పక్క వీధిలోనే ఉంటుంది. ఈ ఇంట్లో కర్టెన్ల రంగు దగ్గరనుంచి ప్రతిదాంట్లోనూ ఆవిడ వేలు పడాల్సిందే. కూతురు ఉద్యోగం చేసుకుంటూ వేరే ఉంటుంది, ఆదివారాలు వస్తుంది. ముగ్గురికీ బ్రేకమ్మంటే ప్రాణం. చిక్కంతా అక్కడే వచ్చింది. కానివాళ్ళైతే మొహం మీద తలుపేసి చక్కాపోవచ్చు, వీళ్ళతో అలా కుదరదు.

వదినది భయం. సద్దుమణిగిన జబ్బుని మళ్ళీ కత్తితో కెలికితే లేచి కూర్చుంటుందని ఖరాఖండిగా చెప్పింది. పైగా పైన కొత్తది పెట్టేస్తే, కింద జబ్బు మళ్ళీ వచ్చినా ఎవరికీ కనిపించదట. మీకెవరు చెప్పారు వదినా అంటే, ఒకళ్ళు చెప్పాలా, ఆలోచిస్తే తెలియదా అంది. ఆ పద్ధతి బ్రేకమ్మకి కొత్తదేం కాదు. తను కూడా ఆరేళ్ళు అలా ఆలోచించి తెలుసుకున్న మనిషే.

కూతురిది ఫోను. టీ చల్లారేలోపు అందులో సగం వైద్యశాస్త్రం చదివేసింది. లోపల పెట్టే సిలికాన్ సంచీలు విమానంలో పేలిపోతాయట. తల్లి పుట్టి బుద్ధెరిగి విమానం ఎక్కలేదు, ఎక్కే ఆలోచన కూడా లేదు. అయినా పేలే వస్తువుని కన్నతల్లి ఒంట్లో పెట్టనిస్తుందా ఏ కూతురైనా. ఫోను పక్కన పెట్టాక అసలు మాట బయటికొచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో, నువ్వెలా ఉన్నావో అలాగే అందంగా ఉన్నావమ్మా, లోకం కోసం నువ్వు మారక్కర్లేదు అంది. బంగారంలాంటి మాట. మేనత్త పాతకాలపు కారణంతో వద్దంది, మేనకోడలు కొత్తకాలపు కారణంతో వద్దంది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు.

ఇక భర్త. టీ తాగడం పూర్తిచేసి, కప్పు కింద పెట్టి, ఉన్న ఆస్తంతా దానం రాసిచ్చే గొంతుతో, "నాకైతే అక్కర్లేదు" అన్నాడు. ఆరేళ్ళనుంచీ చెబుతూనే ఉన్నానని, తన గురించి ఏమీ బెంగ పెట్టుకోవద్దని అన్నాడు. ఆడవాళ్ళు అది చేయించుకునేది మొగుడి కోసమేనని, మొగుడు దయతలచి వద్దనేస్తే ఇక ఆ అవసరమే లేదని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆయన నమ్మకంలో కల్మషం లేదు. అదే ఆవిడకి మరీ కష్టంగా ఉంది.

మర్నాడు సెలవు సంగతి కదుపుదామని వెళ్తే ఓనరు కూడా ఓ చెయ్యి వేశాడు. గుద్దుకున్న బళ్ళని బాగుచేసే షెడ్డుతో రోజూ పని ఉన్న మనిషి ఆయన. "డెంటింగూ పెయింటింగే కదండీ, శుక్రవారం వెళ్తే సోమవారానికి వచ్చేయొచ్చు" అన్నాడు. పొట్టలో కొవ్వు తీసి పెడతారట కదా, ఉత్తపుణ్యానికి సన్నబడొచ్చని తన పొట్ట ఆశగా తడుముకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో వద్దనని మనిషి ఆయనొక్కడే కాబట్టి బ్రేకమ్మకి ఆయన మీద ముచ్చటేసింది.

డాక్టర్ని అడిగితే డాక్టరే వద్దంటుందన్న ధీమాతో, అందరం కలిసే వెళ్దామన్నారు ఇంట్లోవాళ్ళు. స్కూలు బండి తీసుకుని నలుగురూ వెళ్ళారు. ఈ ఆపరేషన్లు చేసే డాక్టరు చిన్న వయసు ఆవిడ, అప్పుడే ఏదో ఆపరేషన్ ముగించి వచ్చినట్టు కళ్ళు అలసిపోయి ఉన్నాయి. గదిలో కుర్చీలు రెండే. ఒకదాంట్లో వదిన కూర్చుంది, రెండోదాంట్లో భర్త కూర్చోబోయి, డాక్టరు చూపు చూసి లేచాడు. బ్రేకమ్మ కూర్చుంది.

వదిన అడగాల్సింది అడిగింది. కొత్త రొమ్ము చేసినందువల్ల జబ్బు తిరగబెట్టే అవకాశం పెరగదని, పరీక్షలు ఎప్పటిలాగే జరుగుతాయని, ఒకవేళ తిరగబెడితే కనిపెట్టడానికి ఇది అడ్డం రాదని డాక్టరు చెప్పింది. విమానంలో ఏదీ పేలదని కూతురికి చెప్పింది. అయితే ఆ సంచీల ఇబ్బందులు ఆ సంచీలకున్నాయి, కొన్నేళ్ళకి మార్చాల్సి రావచ్చు. రేడియేషన్ పడ్డ ఛాతీకి సాధారణంగా సొంత ఒంట్లోని చర్మమూ కొవ్వే మేలు, పొట్ట దగ్గరనుంచి తీయొచ్చు. అది సన్నబడే ఉపాయమని మాత్రం అనుకోవద్దంది. పొట్ట మీద ఈ చివరనుంచి ఆ చివరకి గాటు పడుతుంది, కోలుకోవడానికి వారాలు, బరువులెత్తే పనికి ఇంకా ఎక్కువ, పైగా ఒక్క ఆపరేషన్‌తో అయ్యేది కాదు. మరీ ఆలస్యమైపోయిందా అని బ్రేకమ్మ అడిగింది. కాలేదంది డాక్టరు. వయసు మించిపోయిందా అంటే, ఆరోగ్యం చూస్తాం, వయసొక్కటీ చూసి వద్దనం అంది.

అంతదాకా బాగానే ఉంది. అప్పుడు బ్రేకమ్మ, తెలిసిన సంగతినే ఒకసారి సరిచూసుకుంటున్నట్టు, "మళ్ళీ పాతదానిలాగే ఉంటుంది కదండీ?" అంది.

డాక్టరు ఆవిడ ముఖంలోకి చూసింది. "ఉండదమ్మా. బట్టలేసుకుంటే తేడా తెలియకుండా ఆకారం తేగలను. గాట్లు మిగులుతాయి. స్పర్శ మాత్రం పాతదానిలా వస్తుందని మాటివ్వలేను. చాలామందికి మొద్దుబారినట్టే ఉంటుంది."

చేయించుకోకపోయినా తప్పేమీ లేదని, అలాగే నిశ్చింతగా ఉన్నవాళ్ళు ఎందరో ఉన్నారని, తొందరేమీ లేదని, ఎటైనా నిర్ణయం ఆవిడదేనని కూడా డాక్టరు చెప్పింది. బ్రేకమ్మకి ఆ మాటలు సగమే వినబడ్డాయి. ఆరేళ్ళ కిందట పోయిన మనిషిని తిరిగి తెచ్చుకోవచ్చనుకుని తను ఆ గదిలోకి వచ్చానని ఆవిడకి అప్పుడు తెలిసింది. వదిన భయానికీ, కూతురి విమానానికీ, ఓనరు డెంటింగుకీ లోలోపల నవ్వుకుంది గానీ, అందరికంటే పెద్ద పొరపాటు తనే మోసుకొచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు కూతురు నడిపింది. బ్రేకమ్మ తన అలవాటు సీట్లో, వెనక భర్తా వదినా కూర్చున్నారు. ఆ ముగ్గురూ హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నారు. జబ్బు లేవదన్న మాట వదిన ఆస్పత్రి గేటు దాటకముందే మరిచిపోయింది. స్పర్శే లేనిదానికి ఇంత కోత దేనికంది. నేను ముందే చెప్పానంది కూతురు. "పోనీలే, అన్నీ తెలుసుకున్నాం, మంచిదైంది. ఇక ఆ మాట వదిలేద్దాం" అన్నాడు భర్త. తెలుసుకున్నాం, వదిలేద్దాం. అలా బండిలో అందరూ కలిసి ఆవిడ ఛాతీ గురించి ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఆవిడ మాట్లాడటం లేదు కాబట్టి ఒప్పుకున్నట్టే. పెళ్ళైనప్పటినుంచీ ఆ ఇంట్లో లెక్క అదే.

ముందు వెళ్తున్న వ్యాను ఆగేసరికి కూతురు గట్టిగా బ్రేకు వేసింది. బెల్టు బిగిసింది, ప్యాసింజరు బయలుదేరింది. బ్రేకమ్మ చెయ్యి దానంతటదే లేచి, దాన్ని లోపలికి తోసి, కిందికి దిగింది. ఎవరూ చూడలేదు. ఆరేళ్ళుగా ఎవరూ చూడకుండానే ఆ చెయ్యి ఆ పని చేస్తోంది. పాతది రాదు, సరే. స్పర్శ రాదు, అదీ సరే. ఈ చెయ్యి ఇలా లేవక్కర్లేకుండా ఒక్క పాఠం చెప్పుకుంటే చాలు. అంత చిన్న కోరిక. దాన్ని ఇంకొకరి చేత ఒప్పించాలని చూసినన్నాళ్ళూ అది కొండంతగా కనిపించింది.

బండి ఇంటి దగ్గరి ఖాళీ వీధిలోకి తిరిగింది. పక్కకి ఆపమ్మా అంది కూతురితో. కూతురు మాటల్లో పడి వినలేదు. బ్రేకమ్మ అద్దంలోకి చూసింది, వెనక ఎవరూ రావడం లేదు. రెండో బ్రేకు మీద కాలు పెట్టి నెమ్మదిగా నొక్కింది. బండి బుద్ధిగా ఆగింది. మాటలు కూడా ఆగాయి.

"నేను చేయించుకుంటాను" అంది.

భర్తకి సరిగ్గా వినపడలేదో, వినపడినా నమ్మలేదో. "నాకు అక్కర్లేదని చెప్పాను కదా" అన్నాడు, ఎప్పటి ఉదారతతోనే.

"మీకు అక్కర్లేకపోతే మీరు చేయించుకోకండి" అంది బ్రేకమ్మ. గొంతు పెరగలేదు. లారీ ఎదురొచ్చినప్పటి గొంతే. "నాకు కావాలి."

నాకు కావాలి అన్న మాట ఆవిడ నోట ఇంతకు ముందు ఎప్పుడు విన్నామా అని ముగ్గురూ గుర్తుచేసుకోబోయారు. వదిన ముక్కున వేలేసుకుంది. భర్త అక్క వంక చూశాడు. కాలు బ్రేకు మీదే ఉంది, అది తీస్తే గానీ బండి కదలదు. చివరికి కూతురే, తల్లి కాలి వంక ఓసారి, ముఖం వంక ఓసారి చూసి, "సరేనమ్మా" అంది. బ్రేకమ్మ కాలు తీసింది.

ఆపరేషన్ తెల్లవారగానే మొదలై పొద్దువాలేదాకా సాగింది. ఓనరు లెక్క ప్రకారం సోమవారానికి రావలసిన మనిషికి, నడుం వంచుకుని మంచం దగ్గరనుంచి కిటికీ దాకా నడవడమే గగనమైంది. నొప్పికి ఒకటి రెండుసార్లు ఎందుకొచ్చిన గొడవ అని కూడా అనుకుంది. ఇంటికి పంపేటప్పుడు నర్సు, ఒంటినుంచి వేలాడే సన్నటి గొట్టాల్లో చేరే నీరు రోజూ పారబోయాలని, ఇంట్లో ఎవరో ఒకరు అది నేర్చుకోవాలని చెప్పింది. కూతురికి ఆఫీసు ఉంది. వదిన నెత్తురు చూస్తే ఆవిడకే ఇంకో మంచం వెయ్యాలి. భర్త మిగిలాడు. వైర్లు అతికే చేతులకి గొట్టాలు ఒక లెక్క కాదు. ఇబ్బందంతా కళ్ళతోనే వచ్చింది. గోడవైపు తిరిగి చేసే పని కాదది.

మొదటిరోజు కట్టు పక్కకి తీసినప్పుడు ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు.

"పాత గాటు కూడా ఇంత ఉండేదా?" అన్నాడు.

"ఉండేది. చంక దాకా."

నాకు ఏ లోటూ లేదని ఆరేళ్ళు ఊరంతా చెప్పుకున్న మనిషి, ఆ లోటు ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదని ఆ గదిలో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆయన గొట్టం పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. బ్రేకమ్మకి ఆయన మీద జాలీ కోపమూ కలిసి వచ్చాయి. జాలి లోపల ఉంచుకుని కోపం పైకి చెప్పింది, మీరు అటు తిరిగి పడుకుంటే చూడలేక అసహ్యపడుతున్నారనుకున్నానంది. నువ్వు సిగ్గుపడతావేమోనని తిరిగానే అన్నాడాయన. ఇద్దరూ అంత మర్యాదగా ఆరేళ్ళు గడిపారు. ఆ తర్వాత చుట్టాల ముందు ఆయన లోటు మాట మళ్ళీ ఎత్తలేదు. కొన్ని నెలలకి, చేయించుకోమని నేనే చెప్పానని కొత్త పాట ఎత్తుకున్నాడు. పక్కనే ఉండి వింటున్న బ్రేకమ్మ నేలని కాస్త నొక్కింది గానీ, పోనీలే అని వదిలేసింది.

చిన్న ఆపరేషన్ ఇంకొకటి మిగిలి ఉండగానే, డాక్టరు సరేనన్నాక ఆవిడ బండెక్కింది. జెరాక్సు ఆవిడ ఇంకా నేర్చుకుంటూనే ఉంది. మధ్యలో ఒకసారి లైసెన్సు పరీక్షకి వెళ్ళి, రివర్సులో దారి గుర్తుకి పెట్టిన డ్రమ్ములన్నీ పడగొట్టి వచ్చింది. బ్రేకమ్మ తిరిగొచ్చిన రోజు సైకిలు మీద ఎవరో అడ్డం వచ్చారు. ఇద్దరూ బ్రేకు వేశారు. బెల్టు బిగిసింది. బ్రేకమ్మ చెయ్యి ఎప్పటిలాగే పైకి లేచి, బెల్టు దాకా వెళ్ళి ఆగిపోయింది. సర్దడానికి ఏమీ లేదు. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఆ చేతికి కాసేపు ఏం చెయ్యాలో తోచలేదు.

"బెల్టు తగులుతున్నట్టు తెలుస్తోందా?" అంది జెరాక్సు ఆవిడ, రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా.

"దానికేం తెలియదండీ" అంది బ్రేకమ్మ. "నాకు తెలుస్తోంది."

చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది. రోడ్డు కాస్త మసకగా కనిపిస్తే కళ్ళు తుడుచుకుంది. వెనక ఎవరో హారన్ కొట్టారు.

"క్లచ్ నెమ్మదిగా వదలండి" అంది.